మన జిల్లాల ఇళ్లలోంచి గే ప్రేమ నవల రాయడం ఎలా: ఇంటి గుట్టు నుంచి చివరి ప్రూఫ్ దాకా

"గే ప్రేమకథ నవలగా రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కొందరు మొదటి మూడు అధ్యాయాలు రాసి పంపుతున్నారు కూడా. వాటిలో ప్రేమ బాగానే ఉంటోంది, ఇల్లే ఉండటం లేదు. కొడుకు చెబుతాడు, తండ్రి అరుస్తాడు, తల్లి ఏడుస్తుంది. ఆ తండ్రిది ఏ ఊరో, ఏం పని చేస్తాడో, కొడుకు చెప్పిన రోజు ఆయన జేబులో ఎంత డబ్బుందో మనకి తెలియదు.

అందుకే ఇక్కడ ఒకే కథని ఉదాహరణగా చివరిదాకా పట్టుకుంటాను. ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పొగాకు పండించే ఇంటి అబ్బాయి మాల్యాద్రి, వయసు 27. నెల్లూరు పక్కన మైపాడు వైపు రొయ్యల గుంటలు చూసుకునే పెంచలయ్య, వయసు 30. ఇద్దరూ కల్పితమే. మీ కథలో మీ మనుషుల్ని పెట్టుకోండి, పని వరస మాత్రం ఇదే ఉంచుకోండి.

1. ముందు ఏడాది తేల్చుకోండి

ఏడాది తేలకుండా ఒక్క పేజీ కూడా రాయొద్దు. ఏడాది మారితే పాత్రల భయం మారిపోతుంది.

- 2009 జూలై 2కి ముందు: ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసినా నేరమేనన్న సెక్షన్ 377 పూర్తిగా అమల్లో ఉన్న కాలం. లాడ్జి తలుపు ఎవరు కొట్టినా గుండె ఆగుతుంది.
- 2009 జూలై నుంచి 2013 డిసెంబరు 11 దాకా: ఢిల్లీ హైకోర్టు తీర్పుతో కాస్త ఊపిరి పీల్చుకున్న కాలం.
- 2013 డిసెంబరు 11 నుంచి 2018 సెప్టెంబరు 6 దాకా: ఆ తీర్పుని సుప్రీంకోర్టు కొట్టేసింది. ధైర్యం చేసి చెప్పినవాళ్లు మళ్లీ వెనక్కి తగ్గిన కాలం. నవలకి ఇంత పదునైన కాలం ఇంకోటి లేదని నా నమ్మకం.
- 2018 సెప్టెంబరు 6 తర్వాత: పెద్దవాళ్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదు. బెదిరించేవాడు ఇప్పుడు "కేసు పెడతా" అనడు, "మీ నాయనకి చెప్తా" అంటాడు.
- 2023 అక్టోబరు 17 తర్వాత: ఇలాంటి జంటల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అయితే జాయింట్ అకౌంటు తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఆంక్షలేమీ లేవని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. బ్యాంకు కౌంటరు దగ్గర మంచి సీను రాసుకోవచ్చు.

ఇంకొక జాగ్రత్త. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, అంటే 377 ఉన్న పాత శిక్షాస్మృతి, స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 377 లాంటి సెక్షన్ లేదు. 2025లో జరిగే కథలో పోలీసు నోట ఆ అంకె పలికించొద్దు.

మాల్యాద్రి కథకి 2018 తీసుకుందాం. సెప్టెంబరు 6న తీర్పు, 13న వినాయక చవితి, 21న మొహర్రం. మొహర్రం అంటే నెల్లూరులో రొట్టెల పండగ. తీర్పుకీ రొట్టెలకీ మధ్య 15 రోజులే. ఇలాంటివి కల్పించక్కర్లేదు, పాత క్యాలెండర్ తిరగేస్తే దొరుకుతాయి.

తర్వాత పని క్యాలెండర్ రాసుకోండి. పొగాకు నాట్లు అక్టోబరు, నవంబరుల్లో. ఆకు కోసి బ్యారన్లో, అంటే వేడి పెట్టి ఆకు ఆరబెట్టే గదిలో, కాల్చడం సంక్రాంతి ముందూ వెనకల నుంచి మార్చి దాకా. వేలం ఎండాకాలంలో. చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందో, పెళ్లి మాటలు ఎప్పుడు మొదలవుతాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

2. ఇంటి గుట్టు ముందు, అబ్బాయి గుట్టు తర్వాత

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. దాచడం మాల్యాద్రి కొత్తగా నేర్చుకోలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగాడు కాబట్టి వచ్చింది. ఆ ఇల్లు అంతకుముందే ఒకదాన్ని దాచి ఉండాలి. అది తేలాకే ప్రేమకథ మొదలుపెట్టండి.

మన ఉదాహరణ: మాల్యాద్రికి ఒక మేనత్త ఉండేది. చిన్నప్పుడే జబ్బు చేసి పోయిందని చెప్పారు. నిజానికి ఆమె వేరే కులం అతన్ని చేసుకుని వెళ్లిపోయింది. ఇంట్లో నీళ్లు వదిలేశారు. కానీ మాల్యాద్రి నాయన 1994లో ఎవరికీ చెప్పకుండా రెండెకరాలు చెల్లెలి పేరున దానపత్రం రాశాడు.

ఈ గుట్టునే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇది తండ్రిని విలన్‌ని చేయదు. ఆయనకి ప్రేమించడం వచ్చు. దొంగచాటుగా మాత్రమే వచ్చు. కొడుకుతో రేపు వచ్చే గొడవంతా ఇక్కడే నాటుకుంటుంది.

గుట్టు బయటపడటానికి చేతితో పట్టుకునే వస్తువు ఉండాలి. పాత ఉత్తరం, డైరీ వద్దు, వాటిని అందరూ వాడేశారు. లోను కోసం మాల్యాద్రి పొలం ఈసీ తీస్తాడు, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. 1983 తర్వాతి రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్ ఈసీలో కనిపిస్తాయి కాబట్టి ఆ రెండెకరాల వరస దగ్గర, చచ్చిపోయిందన్న మనిషి పేరు కనిపిస్తుంది. చనిపోయిన మనిషికి దానం ఎట్టా రాస్తారు? అధ్యాయం అక్కడ ఆపేయండి.

ఎవరికి ఎంత తెలుసో కాగితం మీద రాసుకోండి:

- నాయనకి అంతా తెలుసు.
- అమ్మకి భూమి సంగతి తెలుసు. తెలుసని నాయనకి తెలియదు.
- నాయనమ్మ ట్రంకు పెట్టె అడుగున ఒక ఫొటో దాచింది.
- అక్క ఎనిమిదేళ్లప్పుడు ఒక రాత్రి ఏదో వింది, మర్చిపోయానని అనుకుంటోంది.
- ఊరందరికీ తెలుసు.

చివరిది మర్చిపోవద్దు. ఊరందరికీ తెలిసి, ఆ ఇంటి పిల్లలకి మాత్రమే తెలియకుండా ఉంటుంది మన దగ్గర గుట్టంటే.

ఒక హెచ్చరిక. "బాబాయి కూడా ఇలాంటివాడే" అనే గుట్టు చాలామందికి ముందుగా తడుతుంది. దానితో ఇది వంశంలో వచ్చే జబ్బు అన్న అర్థం పాఠకుడి మనసులో పడుతుంది. గట్టి కారణం ఉంటే తప్ప వద్దు.

3. మనుషుల్ని వాళ్ల పనిలోంచి తయారుచేయండి

పేర్లు ఊరిని చెప్పాలి. మాల్యాద్రి, మాలకొండయ్య అంటే మాలకొండ నరసింహస్వామి మొక్కు. పెంచలయ్య అంటే పెంచలకోన. మస్తాన్ అన్న పేరు మన దగ్గర హిందువుల్లోనూ ఉంది, ముస్లింలలోనూ ఉంది. ఆర్యన్, విహాన్ అని పెడితే ఈ బరువంతా పోతుంది.

పనిలోనే ప్రేమకి చోటు వెతకండి. బ్యారన్లో ఆకు కాలుతున్న రోజుల్లో రాత్రి మంట చూసేవాడు నిద్రపోకూడదు. వేడి తేడా వస్తే ఆకు రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. అటు రొయ్యల గుంటలో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే వెంటనే జనరేటర్ వేయాలి, లేకపోతే పంట మొత్తం పోతుంది. అంటే రాత్రి రెండింటికి ఒకడు కొండపిలో, ఒకడు మైపాడులో మెలకువగా ఉండటానికి ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేని కారణం ఉంది. ఫోన్లో ఒకవైపు కట్టెల చిటపట, ఇంకోవైపు ఏరేటర్ల మోత. వాళ్ల ప్రేమ సగం ఆ రెండు చప్పుళ్ల మధ్య నడిపించొచ్చు.

కలుసుకునే చోట్ల గురించి ఒకే మాట. చీకటి మూలలు వెతక్కండి. ఇద్దరు మగవాళ్లు ఒకే బండి మీద భుజాన చెయ్యేసుకుని పోతే మన ఊళ్లలో ఎవరూ తల తిప్పి చూడరు. కొత్తపట్నం బీచ్‌లో ఆదివారం పూట పక్కపక్కన కూర్చున్నా అంతే. పట్టించేది తాకడం కాదు, చూపు. పెంచల్ మాట్లాడుతుంటే మాల్యాద్రి ఎంతసేపు చూశాడో ఎదురుగా ఉన్నవాళ్లు గమనిస్తారు. టెన్షన్ అక్కడ పెట్టండి.

4. తెలుగు క్రియలో దాక్కోవడం, క్రియలోంచి బయటపడటం

మన భాషలో క్రియ చివర మనిషి దొరికిపోతాడు. వచ్చాడు, వచ్చింది. ఇష్టపడ్డ మనిషి గురించి ఇంట్లో మాట్లాడాలంటే మాల్యాద్రి ప్రతి వాక్యంలో జాగ్రత్తపడాలి. అతనికి ఉన్న దారులివి:

- మర్యాద వాడటం: "ఫ్రెండ్ వచ్చారు", "తను తిన్నారంట."
- క్రియని మింగడం: "నెల్లూరు నుంచి ఫోను", "ఏదో పని ఉందంట."
- విషయాన్ని వస్తువు మీదకి తోయడం: "బండి రిపేరంట, లేటవుద్ది."

మొదటి వంద పేజీల్లో మాల్యాద్రి నోట పెంచల్ గురించి ఇంట్లో "డు" అనే అక్షరం రాకూడదు. ఈ నియమం పెట్టుకుని రాయండి. పాఠకుడు పైకి గుర్తుపట్టకపోయినా ఏదో బిగుతు తెలుస్తూనే ఉంటుంది.

అమ్మ దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటుంది. అమ్మాయినే దాస్తున్నాడనుకుని లోపల సంబరపడుతుంది. రెండు రోజులు ఆగి అడుగుతుంది: "మనోళ్లేనా?" మేనత్త గుట్టు తెలిసిన పాఠకుడికి ఆ ఒక్క మాట చాలు.

అక్క మాత్రం వేరే. వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంటుంది.

"నీ ఫ్రెండుకి ఏందిరా అంత మర్యాద ఇస్తావు? మా ఆయనకి కూడా ఇయ్యవు."

మాల్యాద్రి నవ్వి ఊరుకుంటాడు. నలభై పేజీల తర్వాత అదే గడప.

"తను నిన్న ఒంగోలు వచ్చాడక్కా."

అక్క చేతిలో కాయ ఆగింది.

"వచ్చాడా?"

"ఆ. వచ్చాడు."

ఈనె తీసింది. ఇంకో కాయ అందుకుంది. "అన్నం తిన్నాడా మరి?"

అక్కకి చెప్పే సీను ఇంతే. వివరణ, కౌగిలింత, కన్నీళ్లు ఏవీ చేర్చొద్దు. తను కూడా అదే క్రియ వాడింది, ఒప్పుకుంది.

ప్రేమికుల మధ్య పిలుపు కూడా ఇలాగే నడపండి. పెంచల్ మూడేళ్లు పెద్ద, కాబట్టి మొదట "పెంచలన్నా". తర్వాత పేరు పెట్టకుండా మాట్లాడటం. ఆ తర్వాత "పెంచల్". "అన్నా" ఎప్పుడు రాలిపోయిందో ఆ పేజీ మీకు తెలిసి ఉండాలి. చాలా నవలల్లో ముద్దు చేసే పని మన దగ్గర ఈ పిలుపు చేస్తుంది.

చిన్న సాంకేతిక సమస్య: ఇద్దరూ మగవాళ్లు కాబట్టి "అతను అతని చెయ్యి పట్టుకున్నాడు" అని రాస్తే ఎవరిది ఎవరిదో తెలియదు. కథ ఎవరి వైపు నుంచి నడుస్తోందో అతన్ని పేరుతో, రెండో మనిషిని "అతను"తో రాయండి. లేదా "నేను" అని మొదలుపెట్టేయండి.

మాండలికం సంభాషణల్లో ఉంచండి, కథనంలో వద్దు. ఎట్టా, యాడ, ఏంది, పిలకాయలు, నెల్లూరు వైపు వస్తుండా, చెప్తుండా. ప్రతి మాటా యాసలో రాస్తే చదివేవాడు అలసిపోతాడు.

ఇక అసలు మాట. "స్వలింగ సంపర్కుడు" పేపర్ల మాట, మనిషిని పడకకి కుదించేస్తుంది. తన గురించి మాల్యాద్రి ఆ మాట అనడు. "గే" అంటాడు, లేదా ఏ పేరూ పెట్టకుండా "నాకు పెంచల్ అంటే ఇష్టం" అంటాడు. "తేడా" లాంటి మాటలు అనేవాళ్ల నోట్లోనే ఉండాలి, రచయిత కథనంలోకి జారకూడదు.

5. అమ్మకి చెప్పే సీను

నా మొదటి డ్రాఫ్టులో తల్లి రెండు పేజీలు ఏడ్చింది. ఒక స్నేహితుడు చదివి, "మా అమ్మ ఏడవలేదు. ముందు లేచిపోయి తలుపు గడియ పెట్టింది" అన్నాడు. అతను ఒప్పుకున్నాకే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను. ఆ రెండు పేజీలూ కొట్టేశాను. తల్లికి ముందు వచ్చేది దుఃఖం కాదు, ఎవరైనా విన్నారేమో అన్న భయం.

సీనుకి ముందు రోజు రొట్టెల పండగ పెట్టండి. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి పంచుతారు. అదే కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి అందుకుని తింటారు. తీరితే మళ్లీ ఏడు తాము తెచ్చి ఇవ్వాలి. ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, పెళ్లి రొట్టె, కోరికకో రొట్టె.

అమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో, తల మీద కొంగు కప్పుకుని, ఎవరో ముక్కూమొహం తెలియని ఆమె దగ్గర పెళ్లి రొట్టె తీసుకుంటుంది. సగం తుంచి కొడుకు నోటి దగ్గర పెడుతుంది. మాల్యాద్రి తింటాడు. తినకుండా విసిరేస్తే సినిమా అవుతుంది. తినడంలోనే అతని నరకం ఉంది.

చెప్పడం అక్కడ కాదు, మర్నాడు రాత్రి ఇంట్లో. వరస ఇలా పెట్టుకోండి:

- నాయన ఇంట్లో లేడు. ఎందుకు లేడో ముందే చెప్పి ఉంచాలి.
- అమ్మ చేతిలో సగంలో ఆగే పని ఉండాలి.
- మాల్యాద్రి చెప్పేది రెండు వాక్యాలకి మించకూడదు.
- అమ్మ లేచి టీవీ సౌండు పెంచుతుంది.
- ఆమె మొదటి మాట: "ఎవురికన్నా చెప్పావా?"
- రెండో మాట: "మీ నాయనకి నేను చెప్పిందాకా నోరెత్తబాక."

ఈ రెండు మాటలతో అతని గుట్టు కూడా ఆ ఇంటి పాత గుట్టు పక్కన చేరిపోయింది. "అత్తని దాచినట్టా?" అన్న ప్రశ్న మాల్యాద్రి నాలుక చివరిదాకా వస్తుంది. అడగడు. చేతిలో ఆయుధం ఉండి వాడని మనిషిని పాఠకుడు వదిలిపెట్టడు.

6. నాయన, వేలం, రెండెకరాలు

అమ్మ ఆ మాటని ఆరు నెలలు కడుపులో పెట్టుకుంటుంది. నాయనకి తెలిసేది వేలం సీజన్లో పెట్టండి. ఆ రోజు పొగాకు బేళ్లు కొన్ని ఎవరూ పాడక నో బిడ్ అయి తిరిగొచ్చాయి. పంట బాగున్నా కొనేవాడు వద్దని దాటిపోతే ఎట్టా ఉంటుందో ఆయనకి ఆ సాయంత్రం బాగా తెలుసు. ఆ పోలికని మీరు నోటితో చెప్పొద్దు, బేళ్లు అరుగు మీద కనబడితే చాలు.

ఆయన కొట్టడు, అరవడు. మూడు రోజులు మాట్లాడడు. నాలుగో రోజు అంటాడు: "రెండెకరాలు నీ పేరున రాస్తా. నెల్లూరో మద్రాసో, యాడికన్నా పో. ఇక్కడ మాత్రం వద్దు."

చెల్లెలికి చేసిందే కొడుక్కీ చేస్తున్నాడు. మళ్లీ రెండెకరాలే, అదే మౌనం. ఇప్పుడు మాల్యాద్రి అడగొచ్చు, నిందలా కాకుండా: "అత్త యాడుంది నాయనా?"

నవలకి ఇదే పతాక ఘట్టం. దీని తర్వాత పెద్ద ఉపన్యాసం రాయాలనిపిస్తుంది, రాయొద్దు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టి మళ్లీ వేసుకుంటాడు. సీను ముగించండి.

7. చెప్పిన తర్వాత జరిగేవి

ఇక్కడ కొత్త రచయితలు పదేళ్లు ఎగిరిపోయి అమెరికాలో తేలుతున్నారు. ఆ మధ్య నెలలే అసలు నవల. సంబంధాలు చూడటం వేగం పుంజుకుంటుంది. గుడికో దర్గాకో తీసుకెళ్తారు. డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్తారు.

డాక్టర్ సీను రాసేవాళ్లకి: స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితా నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తీసేసింది. "మార్చేస్తాం" అనే చికిత్సని వృత్తిపరమైన తప్పుగా జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. 2019 కథలో డాక్టర్ మందు రాయొచ్చు, అది తప్పని ఇంకో పాత్ర ద్వారా తెలియాలి. 2023 కథలో అయితే ఆ డాక్టర్ ఏ తప్పు చేస్తున్నాడో ఆయనకే తెలుసు.

పెళ్లిచూపుల అమ్మాయిని అడ్డంకిలా రాయొద్దు. ఆమెకో పేరు, ఓ ఉద్యోగం, ఓ ప్రశ్న ఇవ్వండి. ఆమెని మోసం చేసి పెళ్లి దాకా తీసుకెళ్తే ఆ నష్టం మొత్తం ఆమె వైపు నుంచి కూడా రాయాల్సిందే.

ఇది చదువుతున్న మీరే మాల్యాద్రి అయితే ఒక మాట. నవలలో ధైర్యం చూపించాలని మీ ఇంట్లో తొందరపడి చెప్పొద్దు. చెప్పాక ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో, చేతిలో ఎంత ఉందో, ఎవరికి ఫోన్ చేయాలో ముందు చూసుకోండి. మనసు బాగా కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి కాల్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

- ఒకరు చనిపోవడం. ముగింపు తోచక చంపుతున్నారు. సవరణ: ఆ చావు తీసేసి, ఇద్దరూ మర్నాడు పొద్దున ఏం తిన్నారో రాయండి. కథ అక్కడి నుంచి కదులుతుంది.
- చిన్నప్పుడు ఏదో జరిగింది కాబట్టి ఇలా అయ్యాడు అని కారణం చూపడం. పూర్తిగా తీసేయండి. కారణం వెతికే పని పాత్రలు చేయొచ్చు, రచయిత చేయకూడదు.
- గేకీ హిజ్రాకీ తేడా లేకుండా రాయడం. ఒకటి ఎవరిని ఇష్టపడతామన్నది, ఇంకోటి తాను ఎవరన్నది.
- కులం మాట ఎత్తకపోవడం. మన ఊళ్లలో ఇంటిపేరు అడిగాకే మంచినీళ్లిస్తారు. పెంచల్ ఏ ఇంటివాడో తేల్చండి.
- తీర్పులోని పేరాలు హీరో చేత చెప్పించడం. టీవీలో స్క్రోలింగ్ పోతుంటే నాయన చానల్ మార్చాడని రాస్తే చాలు.

9. ముగింపు ఎంచుకోవడం

మరుసటి ఏడు మొహర్రం 2019 సెప్టెంబరు 10న. అమ్మ రొట్టె తిన్నది, కోరిక తీరితే తిరిగి ఇవ్వాలి. ఆమె ఆ పొద్దున పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాలుస్తుందా? ఎన్ని కాలుస్తుంది? ఎవరి కోసం అని అడిగితే ఏం చెబుతుంది? మీ జవాబు ఏదైనా సరే, దాన్ని వివరించకండి.

10. బయటికి ఇచ్చే ముందు

- నిజం మనుషుల అనుభవం వాడుకుంటే వాళ్ల అనుమతి తీసుకోండి. ఊరు, పని, ఇంటిపేరు మూడూ మార్చండి. ఒక్కటి మారిస్తే మన ఊళ్లలో పట్టేస్తారు.
- ఇద్దరూ పెద్దవాళ్లేనని మొదటి అధ్యాయాల్లోనే వయసుతో తెలియాలి.
- "డు" నియమం వందో పేజీ దాకా తప్పలేదేమో వెతకండి.
- తేదీలు, పండగలు, పంటలు క్యాలెండర్‌తో ఒకసారి సరిచూడండి. సెప్టెంబరులో బ్యారన్ కాలుతుంటే కొండపి పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.
- సంభాషణలన్నీ గట్టిగా చదివించుకోండి, వీలైతే ఆ వైపు పెద్దవయసు ఆడమనిషి చేత.
- కలం పేరు పెట్టుకుంటే ప్రూఫులు, పార్సిళ్లు, డబ్బులు ఏ పేరున, ఏ అడ్రసుకి వస్తాయో అచ్చుకి ఇవ్వకముందే మాట్లాడుకోండి. కవరు మీద అసలు పేరుతో పుస్తకాలు ఇంటికొస్తే, విప్పేది మీరే కాకపోవచ్చు.